పని లేని దినాలలో గుర్రపు మేత: నేరేడ్‌మెట్ పరిసరాల పట్టణ గుర్రాలకు ఆహార యాజమాన్యం

సికింద్రాబాద్ కంటోన్మెంటు 1806లో ఏర్పడిన నాటి నుండి దాని పరిసర గ్రామాలకు గుర్రంతో పరిచయం ఉంది. నేరేడ్‌మెట్‌కు సమీపంలోని మౌలాలీలో 1868లో మొదలైన గుర్రపుపందేలు, 1886లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో మలక్‌పేటకు తరలాయి. నాటి బీళ్ళలో నేడు కాలనీలు వెలిశాయి. పట్టణంలో గుర్రాన్ని పోషించేవారికి, ముఖ్యంగా పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిచ్చేవారికి, మేపుకొనే భూమి కరవైంది. గుర్రం రోజులో అధిక భాగం కట్టుకొయ్య వద్దనే నిలుస్తుంది. అది ఏమి తినాలో, ఎంత తినాలో యజమాని చేతి కొలతే నిర్ణయిస్తుంది. ఆ కొలత తప్పినప్పుడు శూల, గిట్టల వాపు, స్థూలత వంటి వికారాలు కలుగుతాయి.

గుర్రం గడ్డి తినే జంతువే అయినా నెమరు వేయదు. దాని జీర్ణకోశం 8 నుండి 15 లీటర్ల పరిమాణం గల చిన్న సంచి. అందులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. గడ్డిని నమిలేటప్పుడు స్రవించే లాలాజలమే ఆ ఆమ్లానికి విరుగుడు. కనుక రెండు పూటలా దాణా పెట్టి నడుమ గంటల తరబడి గడ్డి లేకుండా ఉంచడం జీర్ణకోశపు పుండ్లకు దారితీస్తుంది. పీచు పదార్థం జీర్ణమయ్యేది వెనుక భాగంలో, అంధనాళంలోను పెద్దపేగులోను. అక్కడి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి గుర్రానికి శక్తినిస్తాయి. చిన్నపేగులో అరగని పిండి పదార్థం ఈ భాగానికి చేరితే లాక్టిక్ ఆమ్లం పెరిగి, మేలుచేసే సూక్ష్మజీవులు నశిస్తాయి. వెలువడిన విషపదార్థాలు రక్తంలో కలిసి గిట్టలోపలి పొరలను దెబ్బతీస్తాయి. గిట్ట జబ్బుకు మూలం దాణా తొట్టిలో ఉండవచ్చునన్న సంగతి యజమానులకు వివరించి చెప్పవలసినది.

ఒక పూటకు శరీర బరువులో కిలోకు 1 గ్రాముకు మించి పిండి పదార్థం ఇవ్వరాదన్నది సాధారణ నియమం. 350 కిలోల గుర్రానికి ఇది 350 గ్రాములు. మొక్కజొన్న గింజలో మూడింట రెండు వంతులు పిండి పదార్థమే కనుక, అర కిలో గింజతోనే ఆ హద్దు చేరుతుంది.

ఇదే గుర్రానికి పని లేని రోజున కావలసిన జీర్ణశక్తి సుమారు 11.7 మెగా కేలరీలు. బరువులో 2 శాతం చొప్పున 7 కిలోల పొడి పదార్థం మేలైన గడ్డి రూపంలో అందితే, కిలోకు 1.8 మెగా కేలరీల లెక్కన 12.6 మెగా కేలరీలు సమకూరుతాయి. అంటే దాణా అవసరమే లేదు. ఐదున్నర కిలోల ఎండుగడ్డి, 10 కిలోల పచ్చిగడ్డి కలిపితే ఈ 7 కిలోలు వస్తాయి. రెండు మూడు గంటలు మెల్లగా నడిచే ఊరేగింపు తేలికపాటి పని కిందికే వస్తుంది. అప్పటి అవసరం 14 మెగా కేలరీలు. గడ్డితో తీరగా మిగిలే లోటును అర కిలో గింజలు పూరిస్తాయి. బాజాల నడుమ, దీపాల వెలుగులో చెమటలు కక్కుతూ నిలిచిన గుర్రాన్ని చూసి ఎంతో శ్రమించిందనుకోవడం సహజమే. కాని ఆ అలసటలో బెదురు పాలు ఎక్కువ, దానికి మందు దాణా కాదు.

వరిగడ్డి మాత్రమే దొరికేచోట లెక్క మారుతుంది. అందులో మాంసకృత్తులు 4 శాతం మాత్రమే. 7 కిలోల నుండి లభించేది 280 గ్రాములు, అవసరం 440 గ్రాములు. పొట్ట దిగి, పక్కటెముకలు తేలిన గుర్రం తరచు ఇటువంటి మేత ఫలితమే. ఇక్కడ ఉలవలకు సముచిత స్థానం ఉంది. ఆంగ్లంలో వీటికి గుర్రం పేరే పెట్టారు. అర కిలో ఉలవలు 110 గ్రాముల మాంసకృత్తులిస్తాయి. మిగిలినది కొద్దిపాటి లూసర్న్‌తో తీరుతుంది. పచ్చి ఉలవలలో జీర్ణరసాలను అడ్డుకొనే పదార్థాలుండడం వలన నానబెట్టి ఉడికించాలి. ఉడికిన గింజ పశువుకు, ఆ నీరు చారుకు వాడుకొనే తెలుగువారి అలవాటు ఈ విషయంలో శాస్త్రసమ్మతమే.

అసలు చిక్కు పంచాంగంతో వస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, గురుశుక్ర మౌఢ్యాలు వచ్చినప్పుడు పెళ్ళిళ్ళు ఉండవు; గుర్రం వారాల తరబడి కదలదు. దాణా మాత్రం పాత కొలతలోనే సాగుతుంది. మెడ పైభాగం గట్టిపడి, కొవ్వు పేరుకొంటుంది. తిరిగి ముహూర్తాలు రాగానే హఠాత్తుగా నడిపిస్తే కండరాలు బిగిసి, మూత్రం ముదురు రంగులోకి మారే వ్యాధి రావచ్చు. విశ్రాంతి ఇచ్చిన రోజునే దాణా తగ్గించాలి. పని మొదలయ్యాక 7 నుండి 10 రోజులలో క్రమంగా పెంచాలి. గడ్డి రకం మార్చేటప్పుడూ ఇదే వ్యవధి పాటించాలి. ఉత్తరాది కుటుంబాల పెళ్ళిళ్ళలో వరుని అక్కచెల్లెళ్ళు గుర్రానికి నానబెట్టిన శనగపప్పు తినిపించే ఆచారం ఉంది. దోసెడుతో ఆగితే హాని లేదు. వచ్చిన అతిథులందరూ పెట్టే మిఠాయిలను మాత్రం సున్నితంగా వారించాలి.

విస్తరణ సిబ్బంది ఎక్కువగా గేదెల మేతపై సలహాలిస్తారు. వాటిలో చాలావరకు గుర్రానికి వర్తించవు, కొన్ని ప్రాణాంతకం. యూరియా కలిపిన వరిగడ్డి గుర్రానికి ప్రయోజనకరం కాదు. కొన్ని పశుదాణాలలో కలిపే మోనెన్సిన్ గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతుంది. సుబాబుల్ ఆకు మేపితే జూలు, తోక వెంట్రుకలు రాలుతాయి. పచ్చిజొన్న దీర్ఘకాలం మేపడం మూత్రాశయ వాపుకు, వెనుక కాళ్ళ తూలుడుకు కారణం కాగలదు. ఎండిన చొప్పలో ఆ ప్రమాదం తక్కువ. చల్వ చేస్తుందని పెట్టే గోధుమ తవుడులో కిలోకు భాస్వరం 11 గ్రాములు, కాల్షియం 1.5 గ్రాములకు లోపే. నేపియర్ గడ్డిలోని ఆక్సలేట్లు ఆ కాస్త కాల్షియాన్ని కూడా బంధిస్తాయి. ఈ రెండూ కలిసిన మేతతో నెలలు గడిస్తే ఎముకలలోని కాల్షియం హరించి, ముఖపు ఎముకలు ఉబ్బుతాయి. తవుడును పిడికెడుకు పరిమితం చేసి, సున్నపురాతి పొడి, 25 నుండి 30 గ్రాముల ఉప్పు చేర్చాలి. నీరు రోజంతా అందుబాటులో ఉండాలి. వేసవిలో 40 లీటర్లకు పైగా తాగుతుంది.

తూకపు యంత్రం లేకున్నా టేపుతో బరువు అంచనా వేయవచ్చు. ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకొని దానిని దానితోనే గుణించి, భుజం నుండి పిరుదు వరకు గల పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 165 అయితే బరువు సుమారు 355 కిలోలు. దీనితోపాటు హెన్నెకె 1983లో ప్రతిపాదించిన 1 నుండి 9 వరకు గల శరీరస్థితి సూచీని పదిహేను రోజులకొకసారి నమోదు చేయాలి. పక్కటెముకలు కంటికి కనిపించక, చేతికి తగిలే 5వ స్థాయి ఆశించదగినది.

గుర్రం పదే పదే పొట్టవైపు చూడడం, నేలను కాలితో తవ్వడం, పొర్లడం, పేడ వేయకపోవడం శూల లక్షణాలు. మేత తీసివేసి వెంటనే పశువైద్యుని పిలవాలి. గొట్టంతోనో సీసాతోనో నూనె తాపే అలవాటు మానాలి. అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. గుర్రం వాంతి చేసుకోలేదు కనుక ఉబ్బిన జీర్ణకోశం పగిలిపోయే అవకాశం కూడా ఉంది. వైద్యుడు వచ్చేసరికి చివరిసారి ఏ మేత ఎంత పెట్టినదీ, పేడ ఎప్పుడు వేసినదీ చెప్పగలిగేలా వ్రాసి ఉంచాలి.