గుంటలోని తమ్ముడు

వాక్యభాగము: ఆదికాండము 37:12-36, 42:18-24

కళాశాలలు తెరచు దినములలో మన సంఘములనుండి అనేకులైన యౌవనస్థులు ఇల్లు విడిచి పట్టణములకు పోవుదురు. వారిలో పలువురికి 17, 18 ఏండ్ల ప్రాయము. అన్నలు యోసేపును గుంటలో పడద్రోసిననాడు అతని వయస్సును 17 ఏండ్లే. కావున ర్యాగింగు అను కీడును గూర్చి ఆలోచించుటకు ఈ నెల మనము ఆ వృత్తాంతమును పఠింతము.

మొదట, ఆ కీడు ఎట్లు ఆరంభమాయెనో గమనింపుడు. యోసేపు ఇంకను దూరముగా ఉండగానే అన్నలు అతని కలలను ఎత్తి ఎగతాళి చేసిరి. చేతికంటె ముందు నోరు లేచినది. హాస్టళ్లలోను ఇట్లే జరుగును. క్రొత్తగా వచ్చినవానికి వెక్కిరింపు పేరు పెట్టుదురు. అతని పల్లె యాసను అనుకరింతురు. తెలుగు మీడియములో చదివినవానిచేత ఇంగ్లీషు మాటలాడించి నవ్వుదురు. పరిచయము కొరకే యని చెప్పుదురు. పరిచయమైనచో ఇరువురును నవ్వవలెను గదా! ఒకడు నవ్వుచుండగా మరియొకడు వణకుచుండిన యెడల అది పరిచయము కాదు, హింసయే.

రెండవది, అన్నలు యోసేపునుండి ముందుగా తీసివేసినది అతని అంగీ. అది తండ్రి ఇచ్చినది. నేడును విద్యార్థి ఇంటినుండి తనతో తెచ్చుకొనినదాని మీదనే దెబ్బ పడుచున్నది: కులము, మతము, ఒంటి రంగు, మాటతీరు, పేదరికము. ర్యాంకు ఎంతయని అడిగి, దానినిబట్టి కులమును ఊహించి, సీటు ఊరకనే దొరికినట్లు మాటలాడువారు గలరు. విశ్వవిద్యాలయముల నిధుల సంఘమైన యూజీసీ తన 2009వ సంవత్సరపు నిబంధనలను 2016లో సవరించి, కులము, మతము, రంగు, ప్రాంతము, భాష, ఆర్థికస్థితి మొదలైన వాటినిబట్టి చేయు వేధింపును గూడ ర్యాగింగుగానే ఎంచినది.

మూడవది, మనము ఎక్కువగా ఆలోచింపవలసినది రూబేనును గూర్చి. అతడు చెడ్డవాడు కాడు. తమ్ముని చంపవద్దని చెప్పెను. రహస్యముగా విడిపించి తండ్రియొద్దకు చేర్చవలెనని తలంచెను. అయితే ఆ తలంపును మనస్సులోనే దాచుకొని, గుంటలో వేయుడని తానే ఉపాయము చెప్పెను. అతడు తిరిగి వచ్చునప్పటికి తమ్ముడు అమ్మబడియుండెను. బట్టలు చింపుకొనెనే గాని తండ్రికి నిజము చెప్పినట్లు మనము చదువము. సుమారు 20 ఏండ్ల తరువాత ఐగుప్తులో ఆ అన్నలు తమ్ముని మొర జ్ఞాపకము చేసికొని కలతపడిరి. వారు దానిని ఆనాడే వినియుండిరి, వినియు ఊరకుండిరి.

ప్రతి హాస్టలులోను ఇట్టి రూబేనులు కలరు. పై తరగతిలో ఉండి, ఇది తప్పని ఎరిగి, తోటివారికి జంకి తలుపు మూసికొనువారు. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అను 19 ఏండ్ల విద్యార్థి పై తరగతివారి దెబ్బలకు బలియాయెను. హాస్టలు అనునది ఒంటరి అరణ్యము కాదు, ప్రక్కగదిలో మనుష్యులుందురు.

ఊరకుండుటను మన చట్టము సయితము తేలికగా ఎంచలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగు నిషేధ చట్టము వచ్చినది. ఎగతాళిచేసి అవమానపరచినవానికి 6 నెలల వరకును, ప్రాణహానికిగాని ఆత్మహత్యకుగాని కారకుడైనవానికి 10 ఏండ్ల వరకును చెరశిక్ష విధించుటకు దానిలో వీలున్నది. ఫిర్యాదు అందినను తగిన చర్య తీసికొనని కళాశాల అధిపతి ఆ నేరమునకు తోడ్పడినవానిగా ఎంచబడును. చూచి విడిచిపెట్టినవాడు చేతులు కడుగుకొనుటకు వీలు లేదన్నమాట.

అయితే చట్టము పుస్తకములో ఉన్నంతమాత్రాన గుంటలోనివాడు పైకి రాడు. ఎవరో ఒకరు త్రాడు వేయవలెను. తలిదండ్రులారా, బిడ్డ ఫోను చేసినప్పుడు మార్కులను గూర్చి మాత్రమే అడుగకుడి. ఎవరితో భోజనము చేయుచున్నావు, రాత్రి నిద్ర పట్టుచున్నదా యని అడుగుడి. ఇంటికి వచ్చెదనని ఏడ్చిన యెడల, ఓర్చుకొనుము, అందరికిని ఇదే గతియని చెప్పి ఫోను పెట్టివేయకుడి. 1800-180-5522 అను ర్యాగింగు నిరోధక సహాయ నంబరును వానికి వ్రాసి ఇయ్యుడి. మీ బిడ్డ పై తరగతిలో నున్నయెడల మరియొక ప్రశ్న అడుగుడి: క్రొత్తగా వచ్చినవారిని మీరెట్లు చూచుచున్నారు?

యౌవనస్థులారా, రూబేనుకు లోపించినది దయ కాదు, బాహాటముగా పలుకు ధైర్యము. వేధింపు జరుగుచోట నిలిచి, ఇది వద్దు అని ఒక్కడు పలికినచో రెండవవానికిని నోరు వచ్చును. పలుకుటకు భయమైన యెడల అప్పుడే వార్డెనుకైనను ర్యాగింగు నిరోధక కమిటీకైనను తెలుపుడి. తరువాత రహస్యముగా ఓదార్చెదమని కాచుకొనకుడి. అప్పటికి గుంట ఖాళీగా ఉండవచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. రూబేను తన తలంపును అన్నదమ్ములయెదుట ఏల దాచెను? మనమెచ్చట అట్లు దాచుచున్నాము?
2. మన సంఘమునుండి ఈ సంవత్సరము హాస్టలుకు వెళ్లిన బిడ్డలెందరు? వారిని ఈ నెలలో పలుకరించినవారెవరు?