మురుగు కాలువలోకి పరిశ్రమల నీరు: నమూనా ఎలా తీస్తారు?

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే పారిశ్రామిక జలాలను 18 కి.మీ. పైపులైన్ ద్వారా హైదరాబాద్ నగర మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. ఇలాంటి చోట తనిఖీయే ప్రాణం.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ నమూనా సేకరణ అధికారాన్ని కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చింది. నమూనా తీసినప్పుడు యజమానికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. నమూనాను అతని ఎదుటే రెండు భాగాలు చేసి, సీలు వేసి, అధికారి, యజమాని ఇద్దరూ సంతకాలు చేయాలి. యజమాని కావాలని తప్పుకుంటే అధికారి సంతకం చాలు. ఈ క్రమం తప్పితే కోర్టులో ఆ నివేదిక నిలవదు.

పీహెచ్‌ను అక్కడికక్కడే కొలవాలి. నూనె, గ్రీజు పరీక్షకు విడిగా గాజు సీసా వాడాలి.

పబ్లిక్ మురుగు కాలువలోకి వదిలే నీటికి బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) పరిమితి లీటరుకు 350 మిల్లీగ్రాములు. నదులు, చెరువులకైతే 30 మాత్రమే.