బోరు ఈ పక్క, చేను ఆ పక్క

బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 262 కిలోమీటర్లు. హొస్కోటె దగ్గర మొదలై మన చిత్తూరు జిల్లా మీదుగా శ్రీపెరంబుదూరు చేరుతుంది. 2022 మే 26న ప్రధాని ఈ రోడ్డుకు శంకుస్థాపన చేశారు. కర్ణాటక భాగంలో ఇప్పటికే బండ్లు తిరుగుతున్నాయి.

పోయిన నెల, ఈ రోడ్డుకు భూమి పోయిన ఒక రైతు పలమనేరు వైపు నుంచి నా దగ్గరికి వచ్చాడు. సంచిలోంచి పాసుపుస్తకం, అవార్డు (పరిహారం నిర్ణయించిన ఉత్తర్వు) కాపీ తీసి, కాగితం వెనక పెన్నుతో పొలం గీసి చూపించాడు. నడిమధ్యన రోడ్డు. "దుడ్లు పడినాయి సార్. బోరు ఈ పక్క, చేను ఆ పక్క. చేనికి నీళ్లెట్ల పారించేది?"

అవార్డులో పోయిన భూమికి లెక్క ఉంది, మిగిలిన చేను మాటే లేదు. జాతీయ రహదారుల చట్టం 3జి సెక్షన్ చూడండి. సేకరించిన ముక్కను మిగతా పొలం నుంచి వేరుచేయడం వల్ల కలిగే నష్టాన్నీ, మిగిలిన ఆస్తికి కలిగే చెరుపునూ కూడా పరిహారంలో లెక్కించాలి. ఇది అధికారి దయ కాదు, చట్టం మాట. అడగాల్సింది మాత్రం మనమే. బోరు ఎక్కడ, పైపులైను ఎటు, దారి ఎక్కడ తెగింది అని స్కెచ్ గీసి, ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

తేదీలు రాసిపెట్టుకోండి. భూమి తీసుకోబోతున్నామని అదే చట్టం కింద చెప్పే 3ఎ నోటిఫికేషన్ వెలువడిన 21 రోజుల్లోగా అభ్యంతరం చెప్పాలి. ఏడాదిలోగా సేకరణను ఖాయం చేసే 3డి ప్రకటన రాకపోతే ఆ నోటిఫికేషన్ చెల్లదు; కోర్టు స్టే ఉన్న కాలాన్ని మాత్రం ఆ లెక్కలో కలపరు. భూమి ధర కట్టేది 3ఎ తేదీ నాటి మార్కెట్ విలువను బట్టే. దాని మీద 100 శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు మొత్తం) వస్తుంది. 3ఎ తేదీ నుంచి అవార్డు వచ్చేదాకా గడిచిన కాలానికి, 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువపై ఏటా 12 శాతం అదనంగా అడగవచ్చు. పరిహారం జమ కాకుండా భూమి స్వాధీనం చేయమనే అధికారం అధికారులకు లేదు. జమయ్యాక కూడా 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి.

అవార్డు తక్కువనిపిస్తే, "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి డబ్బు తీసుకోండి. తర్వాత మధ్యవర్తి, అంటే ఆర్బిట్రేటర్‌కు దరఖాస్తు పెట్టండి. మామూలుగా జిల్లా కలెక్టరే ఆర్బిట్రేటర్. అక్కడ పెరిగిన మొత్తానికి 9 శాతం వడ్డీ ఇప్పించే వీలుంది. ఆ తీర్పూ నచ్చకపోతే మూడు నెలల్లో జిల్లా కోర్టుకు వెళ్లాలి.

"కరోనా కదా సార్, గడువు ఇస్తారులే" అని కొందరు ఇప్పటికీ అంటున్నారు. గడువుల లెక్కలోంచి సుప్రీంకోర్టు మినహాయించిన కాలం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకే. ఇప్పుడు ఆ సాకు పనిచేయదు.

వకీలు ఫీజుకు భయపడి ఆగిపోకండి. మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. 15100కు ఫోన్ చేయండి. అవార్డు కాపీ చేతిలో పెట్టుకుని మాట్లాడండి.