దవడపంటి సాక్ష్యము

ఆలమూరు.

చిరంజీవి శారదకు,

నీ జాబు అందినది. ఇప్పపూవును, తేనెను, చెదలను మెక్కు ఎలుగుబంటి మాంసభక్షక గణమున పెద్దరికము వహించియుండగా, పాలు మానిన నాటినుండి చేపలపైననే బ్రతుకు డాల్ఫినుకు అందులో చోటేల లేదని అడిగితివి. పరీక్షకు పనికివచ్చు ప్రశ్న కాకపోవచ్చును గాని, పాఠమంతయు ఈ ప్రశ్నలోనే ఉన్నది.

శాస్త్రజ్ఞులు ప్రాణిని వర్గీకరించునది దాని వంశమునుబట్టి. ఆహారము వంశమునకు తబ్బిబ్బైన సాక్షి. డాల్ఫిను, తిమింగలముల పూర్వులు గిట్టల జంతువులకు జ్ఞాతులై నేలపై నడచినవనుటకు పాకిస్తాను శిలలలో దొరకిన, సుమారు 5 కోట్ల యేండ్ల నాటి శిలాజములు నిదర్శనము. నేడు బ్రతికియున్నవానిలో వానికి మిక్కిలి దగ్గరి చుట్టము నీటిగుఱ్ఱము. సీలు మాత్రము, రూపమున ఎంత చేపవలె నున్నను, మన మాంసభక్షక కులములోనిదే. 1758 నాటి గ్రంథముననే లినేయసు దానిని కుక్క, పిల్లి, ఎలుగుల సరసన చేర్చినాడు. ఆతని చూపునకు నేటికిని నాకు ఆశ్చర్యమే.

ఈ కులమును పట్టిచ్చునది దవడపన్ను. పై దవడలోని చివరి అగ్రచర్వణకమును, క్రింది దవడలోని మొదటి చర్వణకమును ఒకదానినొకటి ఒరసికొనుచు అడకత్తెరవలె మాంసమును తెగగోయును. పుస్తకము మూసి, మీ ఇంటి పిల్లికి చేపతల యొకటి వేసి చూడుము. కోరలతో పట్టిన పిమ్మట అది తల ప్రక్కకు వాల్చి, కన్ను సగము మూసి, నోటి మూలతో కొఱుకును. ఆ మూలనే ఆ జంటపండ్లు ఉన్నవి. ఎలుగునకు ఈ పండ్లు కాలక్రమమున మొద్దుబారినవి గాని దాని తాతముత్తాతల దవడలలో పదునుగానే ఉండెను. మన తాడితోపులలోని మానుపిల్లి పండ్లు తిని, కల్లుముంతలు రుచి చూచి తిరుగుచున్నను కులము చెడలేదు.

ఈ గణమున రెండు శాఖలు కలవు. కపాలము అడుగున మధ్యచెవిని కప్పియుండు ఎముకబుడ్డ పిల్లి శాఖవానిలో సాధారణముగా నడిమి గోడతో రెండు గదులై యుండును. కుక్క శాఖవానిలో ఆ గోడ ఉండదు, ఉన్నను అసంపూర్ణము. పిల్లులు, పునుగులు, ముంగిసలు ఒక వంక; కుక్కలు, నక్కలు, ఎలుగులు, నీటికుక్కలు, సీళ్లు మఱియొక వంక. దుమ్ములగొండిని చూచి కుక్కయని భ్రమపడని వాడు లేడు, కాని అది పిల్లి శాఖది, ముంగిసకు దగ్గరి బంధువు.

ఇక సంరక్షణ సంగతి. ఆ మాట వినగానే మనవారికి పెద్దపులియు, కొండ అడవియు తలపునకు వచ్చును. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరము చెంత దివాన్‌చెరువు ప్రాంతమున చిరుత యొకటి కనబడినప్పుడు కడియము నర్సరీల వరకు జనము నిద్ర మానిరి, పత్రికలు నిండిపోయినవి. తప్పు పట్టను, చిరుత చిరుతయే. అయితే మన ఊరి ప్రక్కగా పారు ఈ గౌతమియే కోటిపల్లి, యానాము దాటి సాగరమును చేరుచోట, కోరంగి మడ అడవులలో, చిరుతకంటె అరుదైన జీవి యొకటి రాత్రివేళ బురదలో వేటాడుచుండగా, దాని పేరెరిగినవారు మన పేటలో ఎందరుందురో సందేహమే.

అది నీటిపిల్లి, బావురుపిల్లి యనియు కొందరందురు. ఇంటిపిల్లికి రెండింతల ఒడ్డు, బూడిదవన్నె బొచ్చుపై వరుసలు తీరిన నల్లని చుక్కలు, పొట్టి తోక. చర్మము తడియకుండునట్లు పైబొచ్చు క్రింద దట్టమైన పొట్టి బొచ్చు మఱియొక పొర కలదు. ముంగాళ్ల వ్రేళ్ల నడుమ కొంతదాక పలుచని తోలున్నది. గోళ్లు పూర్తిగా ఒరలోనికి పోవు. అందుచేత పిల్లి జాడలో సామాన్యముగా కానరాని గోటి గుర్తులు దీని జాడలో ఒక్కొక్కచో కనబడును. బురదగట్టుపై చూచి నక్క జాడయని తొందరపడకుము. నీటి అంచున కదలక కూర్చుండి, చేప అలికిడి కాగానే పంజాతో చఱచును. అవసరమైన మునిగియు పట్టును.

కోరంగి అభయారణ్యము 1978లో ఏర్పడినది, విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. 2018లో కెమెరాలు అమర్చి లెక్కింపగా 115 నీటిపిల్లులు తేలినవి. ఆ లెక్క హద్దు లోపలిది. పిల్లికి హద్దురాళ్లు తెలియవు. అది జమ్ము, రెల్లుదుబ్బుల వెంట మురుగుకాలువలు పట్టి చేపల చెరువుల వరకు వచ్చును, అక్కడ దానికి దొంగయను పేరు వచ్చును, ఉచ్చు పడును. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టమున పులితోపాటు మొదటి షెడ్యూలులోనే ఉన్నదని చెరువుగట్టుపై కాపలా పండుకొనువానికి ఎవరు చెప్పిరి? గట్టు గట్టునకు నడుమ కొంత జమ్ము కోయక వదలుట, మడకు పోటునీరు అందు పిల్లకాలువలు పూడకుండ చూచుట, రాత్రి బండి నెమ్మదిగా తోలుట: నా మట్టుకు, వేయి గోడపత్రికలకంటె ఇవి మేలు. ఉప్పు పేరి మడ చచ్చిన చోటులందు చేపముల్లు తీరున కాలువలు త్రవ్వి, పోటునీరు పారించి, స్వామినాథన్ సంస్థవారు అటవీశాఖతో కలిసి గోదావరి మడలను మరల మొలపించిరి. తీరగ్రామములవారు ఆ పనిలో చేయి కలిపిరి.

ముంగిస గతి మఱియు హీనము. చిత్రకారుల కుంచెలకై దాని బొచ్చును చట్టవిరుద్ధముగా అమ్ముదురు. బొమ్మలు వేయు అలవాటు నీకున్నది గనుక చెప్పుచున్నాను, కుంచె కొనునప్పుడు బొచ్చు దేనిదో దుకాణదారుని అడుగుము. నక్కతోక త్రొక్కినవాడు అదృష్టవంతుడందురు గాని, నక్కకు మనవలన అదృష్టము పట్టిన దాఖలా లేదు. పొలములో ఎలుకలను తినిపెట్టు ఆ జీవిని జిత్తులమారి యని కథలలో తిట్టుటయే మన కృతజ్ఞత.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు కోరంగి పోదము. నీటిపిల్లి రాత్రించరము, కనబడునని మాట ఈయను. నీటికుక్కలు పగలు గుంపుగా ఈదును గనుక వానిపై ఆశ పెట్టుకొమ్ము. పాటు వేళకు చేరినచో ఒడ్డుబురదపై జాడలు చెదరక యుండును. కొలబద్దయు, గీతలు లేని నోటుపుస్తకమును తెచ్చుకొనుము.

ఇట్లు,
మీ తాతయ్య.