బిడ్డ వాంతిచేసుకొన్న రాత్రి

వాక్యభాగము: మార్కు 9:14–29



వానకాలము వచ్చి బడులు తెరచిన తరువాత మన ఊళ్లలో ఒక మాట వినబడును: "బడిల పోరగాండ్లకు కక్కుళ్లు పట్టినయట." ఆ మాట విని కొందరు తల్లులు నీళ్లు కాచి బిడ్డలకిచ్చి తమ పని చూచుకొందురు. కొందరికైతే కాళ్లు చేతులు చల్లబడును. ఈ మాసము ఆ రెండవ తల్లిని గూర్చి ధ్యానింతము.

కరీంనగర్ ప్రాంతపు ఒక గ్రామములో బీడీలు చుట్టి బ్రదుకు సహోదరి యొకతె కలదు. ఆమె సమ్మతితో, పేరు చెప్పక వ్రాయుచున్నాను. చిన్ననాటినుండి ఆమెకు వాంతి యనిన భయము. బస్సులో ఎవరైనను నోటికి కొంగు అడ్డము పెట్టుకొనినచో నడిదారిలో దిగిపోవును. కొడుకు మూడవ తరగతి. వాని తరగతిలో ఒక పిల్లవాడు వాంతిచేసుకొనెనని విని పది దినములు వానిని బడికి పంపలేదు, ఆదివారపు బడికిని పంపలేదు. మాటిమాటికి కడిగించుటచే వాని చేతులు పగిలెను. అంతచేసినను ఒక రాత్రి వాడు వాంతిచేసుకొనెను. ఆమె గడప దాటలేక అత్తను కేకవేసెను. వాడు "అమ్మా, అమ్మా" అని పిలుచుచునే యుండెను. మరునాడు ఆమె వచ్చి, "అయ్యగారూ, నా కొడుకు పిలిస్తె నేను పోలేదు. నేను తల్లినేనా?" అని ఏడ్చెను.

ఆమెకు ఏమి చెప్పవలెను? "విశ్వాసము లేదు" అని గద్దించుట సులభము. మన ప్రభువు అట్లు చేయలేదు.

1. భయమునకు కారణము లేకపోలేదు

మన తాతల కాలమున గత్తర వచ్చెననిన ఊరు ఖాళీ యగుచుండెను. వాంతులు, విరేచనములతో ఉదయము బాగుగా నున్నవాడు రాత్రికి చనిపోవుచుండెను. నేటికిని దుఃఖము మన గడపలోనికి వచ్చుచునే యున్నది. 2024లో పాత ఆదిలాబాదు జిల్లాలోని వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో భోజనము తరువాత పలువురు బాలికలు అస్వస్థులైరి. వారిలో ఒక బిడ్డ నవంబరులో హైదరాబాదు ఆసుపత్రిలో కన్నుమూసెను. కాబట్టి బడికి పంపిన బిడ్డను గూర్చి తల్లి గుండె కొట్టుకొనినచో ఎవరును నవ్వరాదు.

అయితే భయము రెండు విధములు. ఒకటి మనలను పనికి లేపును. మరియొకటి మనలను గడపయొద్ద కట్టివేయును. వాంతిని గూర్చిన ఈ రెండవ భయమునకు వైద్యులు ఎమెటోఫోబియా అని పేరు పెట్టిరి. ఇది పాపము కాదు, దయ్యము కాదు, తల్లిప్రేమ కొరత కాదు. ఇది ఒక బాధ, దీనికి సహాయము కలదు.

2. ఆ తండ్రిని చూడుడి

మార్కు సువార్తలోని తండ్రి కుమారునికి పసితనమునుండి వ్యాధి. వాడు నేలబడి నోట నురుగు కార్చును, పండ్లు కొరుకును. చూచువారు అసహ్యపడి తొలగునట్టి స్థితి. శిష్యులు బాగుచేయలేకపోయిరి. శాస్త్రులు వాదించుచుండిరి. ఆ తండ్రి మాత్రము బిడ్డను విడువలేదు.

ప్రభువు అతనిని, ఇది ఎంతకాలమునుండి కలదని అడిగెను. ఆయన తెలియక అడిగెనా? కాదు. తండ్రి తన గుండెలోని భారమును చెప్పుకొనుటకు ఆయన చోటిచ్చెను. అప్పుడాతడు తాను నమ్ముచున్నాననియు, తన అపనమ్మకము విషయమై సహాయపడుమనియు ఒక్క ఊపిరితో మొరపెట్టెను. నమ్మకమును భయమును కలిసియున్న ఆ ప్రార్థనను ప్రభువు త్రోసివేయలేదు. మొదట భయము పోగొట్టుకొని రమ్మనలేదు. నేలబడిన ఆ బిడ్డను చేయిపట్టి లేపెను. మన పాఠమంతయు ఆ చేతిలో నున్నది: భయము పోవువరకు ప్రేమ కనిపెట్టదు, భయముతోనే చేయి చాచును.

3. జాగ్రత్తకు కొలత కలదు, భయమునకు లేదు

1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణమందు ఒక బడిలో పిల్లలకు వాంతులు వ్యాపించెను. 1972లో దానికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొనిరి. దానినే నేడు నోరోవైరస్ అందురు. బడులలో వాంతులు కలిగించు క్రిములలో ఇది ముఖ్యమైనది. సోకిన పిమ్మట సామాన్యముగా 12 మొదలు 48 గంటలలో కనబడి, ఒకటి మొదలు మూడు దినములలో తగ్గును. కాబట్టి ఈ కొలతలు పాటింపుడి:

భోజనమునకు ముందును, దొడ్డికి పోయివచ్చిన తరువాతను సబ్బుతో చేతులు కడిగింపుడి. అంతకు మించి దినమంతయు కడిగించి చర్మము పగులగొట్టవద్దు. ఈ క్రిమికి చేతులకు రాచుకొను శానిటైజరుకంటె సబ్బు, నీరు మేలు.

వాంతులు నిలిచిన తరువాత 48 గంటలు బిడ్డను బడికి పంపవద్దు. పిమ్మట పంపుడి. ఇతర పిల్లలకు వచ్చెనని ఆరోగ్యముగానున్న బిడ్డను ఇంట బంధింపవద్దు.

వాంతిపడిన చోటును తుడిచి, బ్లీచింగు పొడి కలిపిన నీటితో కడిగి, పిదప చేతులు సబ్బుతో కడుగుకొనుడి.

పసిబిడ్డలకు 6, 10, 14 వారములకు రోటావైరస్ చుక్కలు వేయింపుడి. పసివారిలో తీవ్రమైన విరేచనములకు ఆ క్రిమి ముఖ్యకారణము.

బిడ్డ వాంతిచేసుకొనినచో పది నిమిషములు ఆగి, ఓఆర్‌ఎస్ నీటిని చెంచాతో కొద్దికొద్దిగా త్రాగింపుడి. ఆ పొట్లము దొరకనిచో లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కొలతతప్పక కలుపుడి. వాంతిలో నెత్తురు పడినను, ఏమియు కడుపులో నిలువకున్నను, కన్నులు గుంటలుపడినను, మూత్రము రాకున్నను, బిడ్డ మగతగానున్నను ఆలసింపక 108కి ఫోను చేసి ఆసుపత్రికి కొనిపోవుడి.

ఈ నీటి వెనుక ఒక చరిత్ర యున్నది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థుల శిబిరములో గత్తర ప్రబలెను. నరములకెక్కించు మందునీరు చాలకపోయెను. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు చనిపోవుచుండగా, ఆ సంఖ్య నాలుగుకంటె తక్కువకు దిగెను. గత్తరను గెలిచినది గడపలోపలికి వచ్చి గ్లాసు పట్టిన తల్లుల, తండ్రుల, అన్నదమ్ముల చేయియే.

4. గడప దాటుట ఎట్లు?

ఈ భయము ఒక్కసారిగా పోదు, మెట్టుమెట్టుగా దిగును. తప్పించుకొనినకొలది పెరుగును, కొద్దికొద్దిగా దగ్గరకు పోయినకొలది తగ్గును. మొదట ఆ మాటను భయపడక పలుకుట, తరువాత చిత్రము చూచుట, పిదప బిడ్డ పక్కను కొంతసేపు కూర్చుండుట, ఇట్లు తెలిసినవారి సహాయముతో నేర్చుకొనవలెను. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. ప్రార్థించువారు వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసము కాదు.

సంఘస్థులారా, ఇట్టి తల్లిని ఎగతాళి చేయవద్దు. ఆ రాత్రి పిలిచినచో పోయి ఆమెతో నిలువుడి.

ఆ సహోదరి సంగతి చెప్పి ముగించెదను. మొన్న కొడుకు మరల వాంతిచేసుకొనెనట. ఆమె ముఖము పక్కకు త్రిప్పుకొని, చేతులు వణకుచుండగా, వాని వీపు నిమిరెనట. "భయం పోలేదు అయ్యగారూ, కని లోపటికి పోయిన" అని చెప్పెను. నాకు ఆ తండ్రి ప్రార్థన జ్ఞాపకమునకు వచ్చెను.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. యేసు ఆ తండ్రిని గద్దింపక ప్రశ్న అడుగుటలో ఆయన కనికరము ఎట్లు కనబడుచున్నది?
2. మన ఇంట జాగ్రత్త ఎక్కడ ముగిసి భయము ఎక్కడ మొదలగుచున్నది?
3. మన సంఘములో గడపయొద్ద నిలిచిపోయినవారెవరు? ఈ వారము వారికి ఏమి చేయగలము?

ప్రార్థన

ప్రభువా, నేలబడిన బిడ్డను చేయిపట్టి లేపినవాడా, మా వణకు చేతులను నీ చేతిలోనికి తీసికొనుము. మా బిడ్డలను బడిలోను ఇంటిలోను కాపాడుము. భయపడు తలిదండ్రులకు ధైర్యమును, మాకు వారియెడల దయను అనుగ్రహింపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.