భూమిని తూచే న్యూట్రినో

అవనిగడ్డ



న్యూట్రినో అనే సూక్ష్మకణానికి విద్యుదావేశం లేదు, బరువు లేనట్టే లెక్క. సూర్యుడి నుంచి వచ్చేవే సెకనుకు సుమారు 6,500 కోట్లు బొటనవేలి గోరంత చోటులోంచి దూసుకుపోతాయి. అర్ధరాత్రి అవనిగడ్డలో నులకమంచం మీద పడుకున్న మనిషిలోకి అవి కిందినుంచి వస్తాయి, భూగోళాన్ని దాటుకుని.

అలా దాటేటప్పుడు భూమి న్యూట్రినోలమీద రెండు రకాల ముద్ర వేస్తుంది. మొదటిది వడపోత. శక్తి పెరిగేకొద్దీ న్యూట్రినో పరమాణు కేంద్రకాలను ఢీకొనే అవకాశం పెరుగుతుంది. సుమారు 40 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్నవి భూమి నడిమధ్యగా వెళితే సగానికి పైగా దారిలోనే ఆగిపోతాయి. ఏ దిక్కున ఎన్ని తగ్గాయో లెక్కిస్తే ఆ దారిలోని సాంద్రత తెలుస్తుంది. దక్షిణ ధ్రువపు మంచులో ఘన కిలోమీటరు మేర అమర్చిన న్యూట్రినో పరికరం ఐస్‌క్యూబ్ లెక్కలతో స్పెయిన్ శాస్త్రవేత్తలు 2018లో భూమి బరువును ఇలాగే కట్టారు. గురుత్వాకర్షణతో తేలిన బరువుకు అది సరిపోయింది.

రెండోది రకం మారడం. మూడు రకాల న్యూట్రినోలు ప్రయాణంలో ఒకటి మరొకటిగా మారుతుంటాయి. దారిలో ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటే ఆ మార్పు అంతగా తేడాపడుతుంది. భూగర్భాన్ని చదివేందుకు వాడే భూకంప తరంగాల వేగంలో రాతి గట్టిదనం, సాంద్రత కలగలిసి ఉంటాయి. న్యూట్రినో అయితే ఎలక్ట్రాన్ల లెక్కను నేరుగా చెబుతుంది.

న్యూట్రినోల పుంజాన్ని మనమే తయారు చేసేందుకు ప్రోటాన్లను గ్రాఫైట్ ముక్కకేసి కొడతారు. అక్కడ పుట్టిన పయాన్లనే కణాలను అయస్కాంతాలతో ఒకే దిక్కుకు మళ్లిస్తే, పొడవాటి గొట్టంలో అవి విచ్ఛిన్నమై న్యూట్రినోలనిస్తాయి. పుంజం తిన్నగా పోతుంది, నేల వంపు తిరుగుతుంది. అందుకే అమెరికాలోని ఫెర్మీల్యాబ్ నుంచి 735 కి.మీ. దూరాన మిన్నెసోటాలోని పాత ఇనుప గనికి పంపిన పుంజం, దారి మధ్యలో 10 కి.మీ. లోతుకు దిగింది. భూకేంద్రకాన్ని తాకాలంటే దాదాపు 10,700 కి.మీ. దూరం కావాలి.

న్యూట్రినోలను పట్టే పరికరానికి కాస్మిక్ కిరణాల గోల తగలని లోతు కావాలి. తెలుగునేల పొలిమేరనున్న కోలారు బంగారు గనుల్లో 2 కి.మీ.కు పైగా లోతున, భారత్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు.

పుంజంతో చమురు, గ్యాసు వెతకవచ్చని డి రుజులా, గ్లాషో, విల్సన్, షార్పాక్ 1983లో ప్రతిపాదించారు. చిక్కు న్యూట్రినో స్వభావంలోనే ఉంది: దాదాపు దేనికీ ఆగనిది చిన్న తేడాను గుర్తుపట్టదు. దివిసీమలో బోరు దించుతుంటే పైకొచ్చే బురదనీటి రంగు మారగానే ఇసుకపొర అయిపోయి బంకమట్టి తగిలిందని పనివాడికి తెలిసిపోతుంది. ఆ కాస్త మందం న్యూట్రినోకు ఆనదు. కైకలూరు వైపు గ్యాసు వేటకు నేటికీ నేలలోకి పంపిన కంపనాల ప్రతిధ్వనులే ఆధారం. న్యూట్రినో పుంజం అక్కరకొచ్చేది ఏ బోరూ చేరలేని కేంద్రకం దగ్గర.

ఆశీస్సులతో,
తాతయ్య