వైట్నర్ కింద పాట

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి అమ్ములుకి మామయ్య దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నోటుబుక్కు ఫొటోలు కళ్ళజోడు పెట్టుకుని, పెద్దవి చేసి మరీ చూశాను. వారం వారం నీకు నచ్చిన పాటలకి ర్యాంకులు వేసుకుంటున్నావని మీ అమ్మ విసుక్కుంది. తనకేం తెలుసు, అది మేనమామ పోలిక!

మా చిన్నప్పుడు బుధవారం రాత్రి ఎనిమిదయ్యేసరికి రేడియో సిలోన్ కోసం ముల్లు తిప్పుతూ కూర్చునేవాళ్ళం. అందులో వచ్చే పాటల ర్యాంకుల కార్యక్రమం బినాకా గీత్‌మాలా 1952లో మొదలైంది. అప్పట్లో ఆకాశవాణి సినిమా పాటల్ని దూరం పెట్టింది, సిలోన్ వాళ్ళకి అదే కలిసొచ్చింది. దాన్ని నడిపే అమీన్ సయానీ ఒక్కో పాటనీ ఒక్కో ‘పాయదాన్’ ఎక్కించేవాడు. పాయదాన్ అంటే మెట్టు. పై మెట్టు పాటకి ముందు బాకా మోగేది. హిందీ మాకు సగమే అర్థమయ్యేది, అయినా ఆ బాకా వినకుండా అన్నానికి లేచేవాళ్ళం కాదు. రికార్డు షాపుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఉత్తరాలు చూసి వాళ్ళా వరుస కట్టేవారు. మరి నా ఇష్టాన్ని లెక్క కట్టేదెవరు? మా నాన్న పాత పద్దుల పుస్తకం తిరగేసి, వెనక పేజీ నుంచి నేనే మొదలుపెట్టాను, తెలుగు పాటలతో.

ఇక నీ పుస్తకం సంగతి. నలభై పాటలు మరీ ఎక్కువే. ఇరవై దాటాక నువ్వు రాస్తున్నది ఇష్టం కొద్దీ కాదు, గళ్ళు నింపడానికి. ఇరవైకి తగ్గించు. ప్రతి పాట పక్కనా పోయిన వారం ఎక్కడుందో, ఎన్ని వారాలుగా ఉందో, ఎంత పైకి వెళ్ళిందో రాయి. మజా అంతా ఆ మూడు అంకెల్లోనే ఉంది. 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ వచ్చింది. మొదటి రోజుల్లో హాళ్ళు వెలవెలబోయాయి. అందులో బాలు పాడిన ఓ పాట నా పుస్తకంలో పదిహేడుతో మొదలై, పన్నెండు, తొమ్మిది, మళ్ళీ పదకొండు, అలా పాక్కుంటూ వేసవి సెలవులకి ఒకటికి చేరింది. ఒక్కసారిగా నచ్చిన పాటలన్నీ మరిచిపోయాను గానీ, దాన్ని మరవలేదు.

ఎన్నిసార్లు విన్నావో యాప్ చెబుతుంది, నిజమే. దాన్నే ర్యాంకు చేసెయ్యకు. పాట పెట్టుకుని నిద్రపోతే తెల్లారేదాకా అదే తిరుగుతుంది. బస్సులో ఎవరి ఫోన్లోనో ఒక్కసారి విని, దిగి ఇంటికొచ్చాక కూడా నోట్లో ఆడే పాట ఉంటుందే, దాన్ని ఏ యాప్ పట్టుకోగలదు?

పాత పాటల్ని సాగనంపడానికి ఒక నియమం పెట్టుకో. ఇరవై వారాలు దాటి యాభైకి కింద పడ్డ పాటని తీసెయ్యడం బిల్‌బోర్డ్ హాట్ 100లో చాలాకాలం నడిచిన పద్ధతి. అయితే తిరిగొచ్చే దారి మాత్రం మూయకు. మరియా కేరీ క్రిస్మస్ పాట 1994లో వస్తే, అదే హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది 2019 డిసెంబరులో!

ఇంకొకటి, ఇది నా తప్పు గనక చెబుతున్నాను. కాలేజీ హాస్టల్లో నా రూమ్మేటు నా పాటల పుస్తకం తిరగేస్తుండేవాడు. వాడు పెద్ద సంగీతాభిమాని. ఒక వారం వాడికి చూపించుకోవాలని త్యాగరాజ కీర్తన ఒకటి పైన పెట్టి, వారమంతా నేను నిజంగా కూనిరాగం తీసిన క్లబ్బు పాటని ఎగరగొట్టేశాను. వాడు మెచ్చుకున్నాడు కూడా. ఇప్పుడా పేజీ తీస్తే ఆ వారం నాకేమీ గుర్తు రాదు. పక్క పేజీ చూస్తే మెస్సులో మాడిన పప్పుచారు వాసనతో సహా వచ్చేస్తుంది. కాబట్టి ఆదివారం రాసింది సోమవారం దిద్దకు. తర్వాత సిగ్గనిపించినా సరే.

నీ మూడో వారం పేజీలో రెండో నంబరు దగ్గర వైట్నర్ పూసి, పైన ఇంకో పాట రాశావు. ఫొటోలో ఆ తెల్ల మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద ఏ పాట ఉందో నాకు రాయి. నేను ఎగరగొట్టిన క్లబ్బు పాట పేరు నీకు చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య